మా రోజుల్లో ముందు నడిపించి చూసేవాళ్లం

నడుం నొప్పనీ, కాళ్లు లాగుతున్నాయనీ వచ్చే పెద్దవాళ్లు ఇప్పుడు కుర్చీలో కూర్చోగానే సంచి విప్పుతారు. ఎమ్మారై ఫిల్ములు, రెండు మూడు ఆసుపత్రుల ఫైళ్లు, మందుల చీటీలు బల్ల మీద పరుస్తారు. "ఎల్‌ ఫోర్‌, ఎల్‌ ఫైవ్‌ దగ్గర కెనాల్‌ ఇరుకైపోయిందటండీ, స్క్రూలు వెయ్యాలంటున్నారు" అంటారు. "ఆగకుండా ఎంత దూరం నడవగలరు మీరు?" అని అడిగితే తెల్లబోయి పక్కనున్న కొడుకు వంక చూస్తారు. అంతమంది డాక్టర్లలో ఒక్కరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. ప్రభుత్వాసుపత్రుల్లో ఎముకల డాక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఎందుకంటే వెన్నుకాలువ ఇరుకవడం అనేది నడకలో బయటపడే జబ్బు. వయసు మీదపడేకొద్దీ వెన్నుపూసల మధ్య డిస్కు ఎత్తు తగ్గి వెనక్కి ఉబ్బుతుంది. పూసల వెనకనుండే చిన్న కీళ్లు అరిగి బలుస్తాయి. పూసనూ పూసనూ కలిపే పసుపుపచ్చ లిగమెంటు మందమవుతుంది. పూడిక పడిన పంటబోదెలా కాలువ సన్నబడి, అందులోంచి కాళ్లకు దిగే నరాలకు చోటు చాలదు. నిటారుగా నిలబడితే ఆ చోటు ఇంకా తగ్గుతుంది, ముందుకు వంగితే కాస్త పెరుగుతుంది. అందుకే మనిషి నాలుగడుగులు వేసేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా లాగుడు, తిమ్మిరి, కాళ్లకు రాళ్లు కట్టినంత బరువు. కూర్చుంటే కాసేపట్లో మాయం. పడుకోబెట్టి తీసిన ఫిల్ములో ఇరుకు కనిపిస్తుంది గాని, ఆ ఇరుకు మనిషిని ఎంత ఆపుతోందో కనిపించదు. అది తెలియాలంటే నడిపించాలి.

మా రోజుల్లో నడిపించేవాళ్లం. రోగిని మంచం దిగి వరండా చివరిదాకా నడవమనేవారు మా ప్రొఫెసర్లు. మేం పక్కనే నడిచేవాళ్లం. ఎన్ని స్తంభాలు దాటాక ఆగాడు, ఆగినవాడు అలాగే నిలబడ్డాడా, కూలబడ్డాడా, గోడ పట్టుకుని ముందుకు వంగాడా, అన్నీ కేసు షీటులో రాయాలి. రాయకపోతే రౌండ్స్‌లో అందరి ముందూ చీవాట్లే. ఆ ఒక్క గమనింపుతో సగం రోగనిర్ణయం తేలిపోయేది. నిలబడితే చాలు నొప్పి తగ్గిపోయిందంటే రక్తనాళాల వైపు చూడాలి. కూర్చుంటేనో వంగితేనో తప్ప తగ్గలేదంటే నరాల వైపు చూడాలి. మెట్లు ఎక్కడం బాగానే ఉండి, దిగడం కష్టమైందంటే అదీ నరాల సంగతే, దిగేటప్పుడు నడుం వెనక్కి వాలుతుంది గనుక.

సైకిలు సంగతి అడగనిదే మేం కేసు ముగించేవాళ్లం కాదు. పాలక్యాన్లు కట్టుకుని ఊరూరా తిరిగే మనిషి వచ్చి, "సైకిలు మీద ఎంత దూరమైనా పోతానండీ, దిగి వీధి చివరిదాకా నడవలేను" అనేవాడు. ఇంట్లోవాళ్లు నటన అనుకునేవారు. సైకిలు మీద హ్యాండిల్‌ పట్టుకుని వంగుతాడు, కాలువ తెరుచుకుంటుంది, దిగి నిటారుగా నిలబడగానే మూసుకుంటుంది. ఆడవాళ్లయితే నాట్ల గురించి చెప్పేవారు. "వంగి నాటేస్తున్నంతసేపూ హాయిగానే ఉంటది, గట్టెక్కి ఇంటికి నడిచేటప్పుడే కాళ్లు పీకేస్తాయి" అని ఒకావిడ అన్నదంటే అంతకన్నా స్పష్టమైన లక్షణం ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు ఆ మాట వినే తీరిక ఎవరికుంది? టోకెన్‌ నంబరు పిలుస్తారు, ఫిల్ము వెలుతురుకు పెడతారు, పేరైనా అడక్కుండా "ఆపరేషన్‌ కేసు" అంటారు.

పాదం మీద వేలు పెట్టి నాడి చూడ్డానికి రూపాయి ఖర్చు లేదు. బీడీలు కాల్చినవాళ్లకు, షుగరున్నవాళ్లకు కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయి అచ్చంగా ఇలాంటి నొప్పే వస్తుంది. వెన్ను ఆపరేషన్‌కు అన్నీ సిద్ధం చేసుకుని, రెండో మాట కోసం నా దగ్గరకొచ్చినవాళ్లలో పాదంలో నాడే అందనివాళ్లను చూశాను. వెన్ను ఫిల్ములో ఇరుకు ఉంది, నిజమే. కాని ఆ మనిషి నడక ఆగిపోయింది కాలి రక్తనాళంలో. తుంటికీలు అరిగినవాళ్లకూ తొడ నొప్పే. బి12 తగ్గినా, షుగరు నరాల్ని తిన్నా కాళ్ల తిమ్మిర్లే. ఒక సుత్తి, ఒక గుండుసూది, రెండు చేతులు ఉంటే వీటిలో చాలావాటిని బల్ల దగ్గరే విడదీయొచ్చు.

అప్పట్లో అన్నీ బాగున్నాయని నేననను. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ణి వెతికి తెచ్చి తన్నించుకునేవారు. వావిలాకు కాపడం, ఉప్పుమూట కాపడం హాని లేనివి, కండరాలు వదులయ్యేవి కూడా. కాని వాతమని చెప్పి కాల్చిన ఇనుముతో వాతలు పెట్టిన నడుములు ఎన్ని చూశామో. ఆసుపత్రుల తీరూ గొప్పగా ఏం లేదు. పరుపు కింద చెక్క వేసి, కాళ్లకు బరువులు కట్టి వారాల తరబడి పడుకోబెట్టేవారు. కదలకుండా పడుకుంటే పెద్దవాళ్లకు కండ కరిగిపోతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, లేచేసరికి ఉన్న నడకా పోతుంది. అన్నిటికన్నా అన్యాయం ఆడవాళ్లకు జరిగింది. పూస ముందుకు జరగడం వల్ల వచ్చే ఇరుకు ఆడవాళ్లలోనే ఎక్కువ. అయినా "వయసొచ్చిందమ్మా, ఇంతే" అని కాల్షియం బిళ్లలిచ్చి పంపేవారు. గుడికి పోలేక, పెళ్లికి పోలేక అరుగు మీద కూర్చుండిపోయిన పెద్దమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. వాళ్లలో చాలామందికి వైద్యం ఉంది. ఎవరూ చెప్పలేదు.

వెన్నుకాలువ ఇరుకు అనేది ఒక జబ్బుగా గుర్తింపు పొందిందే ఆలస్యంగా. డిస్కు జారి నరాన్ని నొక్కుతుందని మిక్స్టర్‌, బార్‌ అనే అమెరికా డాక్టర్లు 1934లో రాశారు. అసలు కాలువే ఇరుకైతే నడిచేటప్పుడు కాళ్లు ఎలా మొరాయిస్తాయో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌ న్యూరోసర్జన్‌ హెంక్‌ వెర్బీస్ట్‌ 1954లో వివరంగా రాశాడు. దాన్ని కళ్లతో చూడాలంటే మా కాలంలో మయెలోగ్రామ్‌ ఒక్కటే దారి. నడుంలో సూది గుచ్చి, వెన్నునీటిలోకి మయోడిల్‌ అనే నూనె మందు ఎక్కించి, రోగిని కట్టేసిన బల్లను కిందికీ పైకీ వంచుతూ ఎక్స్‌రేలు తీసేవారు. తర్వాత రోజుల తరబడి తలనొప్పి. వెనక్కి లాగేయగా మిగిలిన మందు చుక్కలు ఏళ్ల తరబడి వెన్నులోనే ఉండిపోయేవి. కొందరికి దానివల్లే నరాల చుట్టూ పొర వాచి, అతుక్కుపోయి, మొదటి జబ్బును మించిన బాధ మిగిలింది. అది చేయించుకోవడానికి కూడా జిల్లా వదిలి హైదరాబాదుకో, విశాఖకో, మద్రాసుకో, రాయవేలూరుకో పోవలసిందే.

ఆ బాధ చూసినవాణ్ణి గనుకే ఎమ్మారై వచ్చినప్పుడు మనసారా సంతోషించాను. సూది లేదు, రేడియేషన్‌ లేదు, నరం నరం విడివిడిగా కనిపిస్తుంది. మెషిన్‌ మీద నాకు కోపం లేదు. మనిషిని చూడకముందే మెషిన్‌లోకి పంపే అలవాటు మీదే కోపం. 1990లో అమెరికాలో స్కాట్‌ బోడెన్‌, ఆయన సహచరులు జీవితంలో నడుం నొప్పే ఎరగని 67 మందికి ఎమ్మారై తీశారు. అరవయ్యేళ్లు, ఆ పైబడినవాళ్లలో సుమారు 57 శాతం మంది ఫిల్ముల్లో ఏదో ఒక తేడా ఉంది. 21 శాతం మందికి కాలువ ఇరుకే కనిపించింది. వాళ్లెవరికీ ఏ బాధా లేదు! మరి అరవై దాటిన మనిషికి ఫిల్ములో ఇరుకుంటే అది తలనెరుపు లాంటిదా, బాధకు మూలమా అని తేల్చేది ఎవరు? ఎదురుగా కూర్చున్న డాక్టరే తేల్చాలి, అదీ అడిగి, పట్టి చూసి.

మన నేలకు సంబంధించిన ప్రశ్న ఒకటుంది, అదీ అడగడం మానేశారు. ఏ ఊరు మీది, చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారు? నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే వెన్ను లిగమెంట్లు ఎముకలా గట్టిపడి కాలువను ఇరుకు చేస్తాయి, ముఖ్యంగా మెడ దగ్గర వెన్నుపామునే నొక్కేస్తాయి. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్‌, పండిట్‌, రాఘవాచారి మొదట వివరించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో రాశాడు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఆ హద్దు దాటిన బావుల నీళ్లు తాగి పెరిగినవాళ్ల వెన్ను మామూలు అరుగుదల వెన్ను కాదు. ఆపరేషన్‌ చేసేటప్పుడు ఆ గట్టి ఎముకతో సర్జన్‌కు చాలా కష్టం. ఆ ప్రశ్న అడగని డాక్టరుకు అది బల్ల మీదే తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమవుతుంది.

ఇక వైద్యం మాట. మొదటి మెట్టు మందులు, వ్యాయామం, అలవాట్ల మార్పు. మందుల్లో అద్భుతాలేం లేవు. నొప్పి బిళ్లలు కొన్నాళ్లకు పనికొస్తాయి. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు ముప్పు. నరాల మందులని ఇప్పుడు అందరికీ రాస్తున్న గాబాపెంటిన్‌, ప్రీగాబలిన్‌ ఈ జబ్బులో పెద్దగా మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పెద్దవాళ్లకు మాత్రం తలతిరుగుడు, మత్తు తెస్తాయి. రాత్రి బాత్‌రూముకు లేచి పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లను అడగండి. ఊళ్లో ఆర్‌ఎంపీ వారానికొకటి చొప్పున పొడిచే "బలం ఇంజెక్షన్లు" బి12 తక్కువున్నవాళ్లకు తప్ప మరెవరికీ అక్కరలేదు.

వెన్నులోకి వేసే స్టిరాయిడ్‌ ఇంజెక్షన్‌ను ఇప్పుడు ఆపరేషన్‌ లేకుండా నయం అని బోర్డులు పెట్టి మరీ వేస్తున్నారు. 2014లో న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో ఈ జబ్బున్న 400 మందిని తీసుకుని, సగం మందికి స్టిరాయిడ్‌ కలిపిన మత్తుమందు, సగం మందికి ఒట్టి మత్తుమందు వేశారు. ఆరు వారాల తర్వాత చూస్తే స్టిరాయిడ్‌ వల్ల అదనపు మేలు దాదాపు లేదు. పెళ్లో, ప్రయాణమో ఉండి కొద్దిరోజుల ఉపశమనం కావాలంటే ఆలోచించవచ్చు. ఏడాదికి ఇన్ని అని ప్యాకేజీ కట్టి అమ్మడం వైద్యం కాదు. షుగరున్నవాళ్లకు ఆ సూది పడ్డాక షుగరు ఎగబాకుతుందని కూడా చాలాచోట్ల చెప్పడం లేదు.

వ్యాయామం దగ్గర నాకు ఇంకా బాధ. ఫిజియోథెరపీ అంటే ఇప్పుడు చాలాచోట్ల బోర్లా పడుకోబెట్టి కరెంటు పెట్టడం, బిల్లు చింపి ఇవ్వడం. మనిషికి ఒక్క కదలిక నేర్పరు. ఇంటికెళ్లి ఆయన ఫోనులో వీడియో చూసి భుజంగాసనం వేస్తాడు. డిస్కు జారిన కుర్రవాళ్లలో కొందరికి మేలు చేసే వెనక్కి వంగుడు, కాలువ ఇరుకైన పెద్దవాళ్లకు పనికిరాదు, ఉన్న చోటును ఇంకా మూసేస్తుంది. వీళ్లకు కావలసింది వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం, పొట్ట కండరాలు బిగించడం, తుంటి ముందు కండరాలు సాగదీయడం, కదలని సైకిలు తొక్కడం. నడిచేటప్పుడు చేతికర్రో, చక్రాల వాకరో పట్టుకుని కాస్త ముందుకు వాలితే చాలామంది ఇంకా ఎక్కువ దూరం పోగలరు. పరువు తక్కువని కర్ర పట్టుకోరు, ఇంట్లో మంచానికి అతుక్కుపోతారు. కర్ర పట్టుకుని బజారుకెళ్లడంలో పరువు పోయేదేముంది? నడుం బెల్టు మాత్రం నెలల తరబడి బిగించుకోకండి. దానివల్ల సొంత కండరాలు పని మానేస్తాయి.

ఈ మొదటి మెట్టు మీద చాలామంది ఏళ్ల తరబడి బాగానే నెట్టుకొస్తారు. మనవాళ్లు భయపెడుతున్నట్టు ఆపరేషన్‌ చేయించుకోకపోతే అందరికీ కాళ్లు పడిపోవు. ఎక్కువమందిలో ఈ జబ్బు ఉన్నచోటే ఉంటుంది, కొందరికి తగ్గుతుంది కూడా. "ఇప్పుడు చేయించుకోకపోతే పక్షవాతమే" అని మామూలు నడుం ఇరుకున్న మనిషికి చెప్పి ఆ వారంలోనే బల్ల ఎక్కించడం నా లెక్కలో పెద్ద తప్పు.

అలాగని ఆపరేషన్‌ను దూషించే పెద్దల వరసలో నేను లేను. అమెరికాలో పదమూడు ఆసుపత్రుల్లో జరిపి 2008లో ప్రచురించిన స్పోర్ట్‌ అధ్యయనంలో, నెలల తరబడి బాధపడుతున్నవాళ్లలో ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్లు రెండేళ్ల దాకా మిగతావాళ్లకన్నా బాగా తేరుకున్నారు. చేయించుకోనివాళ్లు కూడా కొంత మెరుగయ్యారు. 2015లో వచ్చిన మరో అధ్యయనంలో ఆపరేషన్‌కు ఒప్పుకున్న 169 మందిలో కొందరికి ముందు పద్ధతి ప్రకారం ఫిజియోథెరపీ ఇచ్చి చూశారు. రెండేళ్లకు రెండు జట్లూ ఒకలాగే ఉన్నాయి. కాని ఫిజియోథెరపీ జట్టులో 57 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కు మారారు. దీన్నిబట్టి నాకర్థమైంది, తొందరేమీ లేదు, మూణ్ణెల్లు శ్రద్ధగా వ్యాయామం చేసి చూడొచ్చు, అప్పటికీ వీధి చివరిదాకా నడవలేకపోతే ఆపరేషన్‌ న్యాయమైన దారి.

వెన్ను మీద కత్తి పెడితే కాళ్లు పోతాయన్న భయం మా కాలం నుంచి మిగిలిపోయింది. వెన్నుపాము నడుం పైభాగంలో, మొదటి రెండు నడుంపూసల దగ్గరే ముగుస్తుంది. నాలుగు, ఐదు పూసల దగ్గర ఉండేవి నరాల పోగులు మాత్రమే. పొర చిరగడం, చీము పట్టడం లాంటి ఇబ్బందులు ఉండొచ్చు గాని, రెండు కాళ్లూ పడిపోవడం చాలా అరుదు. అప్పట్లో పొడుగాటి కోత కోసి, పూస వెనక కప్పు మొత్తం తీసేసి, వారాలు పడుకోబెట్టేవారు. ఇప్పుడు మైక్రోస్కోపు, ఎండోస్కోపు పెట్టి చిన్న కోతతో నొక్కుతున్న ఎముకనూ లిగమెంటునూ తీసేసి, చాలామందిని ఆరోజో మర్నాడో నడిపిస్తున్నారు. ఆ చేతి నేర్పును చూసి గర్వపడతాను. మా కాలంలో అది ఉండి ఉంటే అరుగుల మీద ఉండిపోయిన ఆ పెద్దమ్మలు నడిచేవారు.

నా తగాదా స్క్రూలతో. కాలువ విడిపించడం ఒకటి, పూసలను స్క్రూలు, రాడ్లతో బిగించడం ఇంకొకటి. రెండోది అందరికీ అక్కర్లేదు. 2016లో స్వీడన్‌ వాళ్లు 247 మందిపై జరిపిన అధ్యయనంలో ఒట్టి విడిపింపు చేసినవాళ్లకూ, బిగింపు కలిపి చేసినవాళ్లకూ రెండేళ్లకూ ఐదేళ్లకూ తేడా లేదు. బిగించినవాళ్లకు రక్తం ఎక్కువ పోయింది, ఆసుపత్రిలో ఎక్కువ రోజులున్నారు, ఖర్చు ఎక్కువైంది. పూస కొద్దిగా జరిగినవాళ్ల మీదే నార్వేలో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనం కూడా ఒట్టి విడిపింపు తీసిపోదని తేల్చింది. పూస కదిలిపోతున్నప్పుడు, వెన్ను వంకర తిరిగినప్పుడు, కీళ్లు ఎక్కువగా తీసేయాల్సి వచ్చినప్పుడు బిగింపు కావాలి, అది కాదనను. కాని ఇరుకున్న ప్రతి నడుంలోనూ టైటానియం ఎందుకు దిగుతోంది? ఇన్సూరెన్సు కార్డు ఉందని తెలిసిన నిమిషం నుంచి వైద్యం ఎందుకు పెరుగుతోంది? అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో "మంచి ఇంప్లాంట్‌ వేయించండి డాడీ, డబ్బు చూసుకోకండి" అంటాడు. ప్రేమతోనే అంటాడు. నాన్న ఎంత దూరం నడవగలుగుతున్నాడో ఆ అబ్బాయైనా అడిగితే బాగుండును.

మెడ దగ్గరి ఇరుకుకు మాత్రం ఇప్పటిదాకా చెప్పిన నిదానం వర్తించదు. అక్కడ నొక్కుకునేది వెన్నుపామే. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, అన్నం కలిపే చెయ్యి మొద్దుబారడం, చీకట్లో తూలడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం మొదలైతే నడుం నొప్పిలా నెట్టుకురాకూడదు. పోయిన నరాల పని ఆపరేషన్‌ తర్వాత కూడా పూర్తిగా తిరిగిరాదు. అలాంటివాళ్లు మంగలి దగ్గర మెడ విరిపించుకోవడం ప్రాణాంతకం.

అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లే పిల్లలకు ఒక మాట. సంతకం పెట్టే ముందు అడగండి: మా నాన్నను నడిపించి చూశారా? పాదాల నాడి చూశారా? స్క్రూలు ఎందుకు, ఒట్టి విడిపింపు ఎందుకు చాలదు? మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరును నమ్మండి. విసుక్కుంటే ఫిల్ములు తీసుకుని ఇంకొకరి దగ్గరకు వెళ్లండి, అవి మీవే. ఒక్క విషయంలో మాత్రం రెండో అభిప్రాయం కోసం తిరగొద్దు. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ పోయినా, పాదం ఉన్నట్టుండి వేలాడిపోయినా తెల్లారేదాకా ఆగకండి, వెన్ను సర్జన్‌ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రే తీసుకెళ్లండి.